పాల పుస్తకంలో ఖాళీ గడి

మన ఇంటి రాతల్లో బావి గురించి వచ్చింది, చింతచెట్టు గురించి వచ్చింది, అవ్వ పెట్టే ఊరగాయల గురించీ వచ్చింది. ఆఫీసు పని గురించి మాత్రం ఎవరూ రాయలేదు. "దాంట్లో చెప్పేదానికి ఏముందప్పా, పొద్దస్తమానం కంప్యూటరు ముందర కూర్చొనేదే కదా" అంటారు పెదనాయన. మేమూ అట్లనే అనుకొంటిమి. కానీ మా ఇంటి పాల పుస్తకం ఒకటి బెంగళూరు ట్రైనింగు క్లాసు దాకా పోయింది. ఆ కథ రాసిపెట్టాలని మాకు చాలా దినాలుగా ఉంది.

ఇక్కడ మేము అంటే ఇద్దరం. పెద్దది బెంగళూరులో సాఫ్ట్‌వేరు టెస్టరు. చిన్నది మా చిన్నాయన కూతురు, చింతామణి పక్క మా పల్లెలోనే పాల డెయిరీలో లెక్కలు చూస్తుంది. రాసే చెయ్యి పెద్దదానిది, మాట ఇద్దరిదీ. బడిలో మేము చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు ఉద్యోగం వయసులో, కన్నడ అక్షరాలను పక్కన పెట్టుకొని నేర్చుకొన్నాము. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

2011లో మేమిద్దరం బీసీఏ ముగించి, ఒకే కంపెనీలో ఒకే బ్యాచ్‌లో చేరినాము. నాలుగు వారాల ట్రైనింగు. డేటాబేసు అప్లికేషన్లు రాసే ప్రోగ్రామర్లను తయారు చేసేది దాని పని. బ్యాంకు కౌంటరులోనో, రైలు టికెట్టు దగ్గరో, డెయిరీలోనో మనకు కనిపించే తెర ఒకటి ఉంటుంది. దాని అడుగున పట్టికలు ఉంటాయి. తెర మీద కొట్టింది పట్టికలోకి సరిగ్గా పోవాలి, అడిగినప్పుడు సరిగ్గా రావాలి. ఆ రెంటినీ కలిపేవాళ్ళే ఈ ప్రోగ్రామర్లు. నాలుగు వారాల చివర వైవా ఉంటుంది. అందులో నిలబడితే ఉద్యోగం, లేకపోతే ఇల్లు.

ఉండేది మారతహళ్ళిలో ఒక పీజీ. ఆ వీధిలో ఆంధ్రా మెస్సులు, తెలుగు బోర్డులు చూసి, మనోళ్ళ మధ్యకే వచ్చినామని సంబరపడినాము. బ్యాచ్‌లో కూడా ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు సగం మంది. మేము నోరు తెరిస్తే "మీరు కన్నడవాళ్ళా? తెలుగు భలే మాట్లాడుతున్నారే" అన్నారు. కన్నడవాళ్ళేమో "నీవు తెలుగినవరా?" అంటారు. ఇది మీకు కొత్త కాదు. మీ ఇళ్ళల్లో పిల్లలకీ అయ్యే ఉంటుంది. దాంతో మేము ఎవరినీ ఏమీ అడగకుండా క్లాసులో వెనక వరసలో కూర్చోవడం అలవాటు చేసుకొన్నాము.

ట్రైనరు మంచాయన, నిదానంగానే చెప్పేవాడు. కానీ అంతా ఇంగ్లీషు. గంటకోసారి "ఎనీ డౌట్స్?" అని అడుగుతాడు. డౌటు ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో కట్టుకొనేలోపల ఆయన తరువాతి స్లైడుకు పోయుంటాడు.

ఒరాకిల్ నేర్చుకొన్నవాళ్ళందరికీ తెలిసిన పట్టికలు రెండున్నాయి. ఒకటి ఎంప్, ఇంకొకటి డెప్ట్. ఎంప్‌లో 14 మంది ఉద్యోగులు, డెప్ట్‌లో 4 డిపార్ట్‌మెంట్లు. లోపలికి పోయేదానికి యూజరు పేరు స్కాట్, పాస్‌వర్డు టైగర్. బ్రూస్ స్కాట్ అని ఒరాకిల్ తొలినాళ్ళ ఉద్యోగి ఉండేవాడు, టైగర్ వాళ్ళింటి పిల్లి పేరు. ఆ పట్టికలో కమిషన్ అని ఒక కాలమ్ ఉంది. అలెన్‌కు 300, వార్డ్‌కు 500, మార్టిన్‌కు 1400, టర్నర్‌కు 0. మిగతా పదిమందికి అక్కడ ఏమీ లేదు, గడి ఖాళీ. దాన్నే నల్ అంటారు.

రెండో వారం లెక్క ఇది: కమిషన్ సగటు ఎంత? మొత్తం 2200. 14 మంది కాబట్టి భాగించి 157 చిల్లర అని రాసినాము. కంప్యూటరు 550 అనింది. మేము తప్పు, కంప్యూటరు ఒప్పు. ఎందుకో అర్థం కాలేదు. మా కష్టం ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలుస్తుంది. కన్నడ మీడియం లెక్కల పుస్తకంలో నల్ సెట్‌ను శూన్య గణం అని చదివినాము. శూన్యం అంటే సున్న. కాబట్టి నల్ అంటే సున్న అని తలలో ముద్ర పడిపోయింది. సున్న అయితే పదిమందినీ లెక్కలో కలపాల్సిందే కదా!

ఆ రాత్రి పీజీలో పడుకొని చిన్నది ఉన్నట్టుండి లేచి కూర్చొంది. "అక్కా, అవ్వ పాల పుస్తకం!" అనింది.

మా అవ్వ పాల పుస్తకం మా ఇంటోళ్ళందరికీ తెలుసు. దినానికి రెండు గడులు, పొద్దున ఒకటి, సాయంకాలం ఒకటి. ఆవు చేపకుండా తన్నేస్తే ఆ పూట సున్న రాయించేది. పెళ్ళికో తిరునాళ్ళకో ఊరికి పోతే ఆవును పక్కింటోళ్ళకు అప్పజెప్పేది, ఆ పాలు వాళ్ళవే. ఆ దినాల గడి ఖాళీగా విడిచేది. బూసా ఎంత కొనాలో తేల్చుకొనేదానికి సగటు చూస్తుంది కదా, అప్పుడు సున్నాల దినాలను లెక్కలో కలిపేది. ఖాళీ దినాలను కలిపేది కాదు. ఒకసారి పది దినాల్లో మూడు దినాలు పెళ్ళికి పోయింది. మిగతా ఏడు దినాల్లో ఆరు దినాలు ఏడేసి లీటర్లు, ఒక దినం సున్న. మొత్తం 42. మా చిన్నాయన పదితో భాగించి "నాలుగు చిల్లర" అంటే అవ్వ తిట్టింది. "ఆవు ఇయ్యలేదా, మనం లేకపోతిమా? ఏడుతో చెయ్యి. ఆరు." ఆవు మీద నింద వేయకూడదని ఆమె పట్టు.

అంతే. టర్నర్‌ది సున్న, ఆవు తన్నిన దినం. మిగతా పదిమందిదీ ఖాళీ, మనం ఊళ్ళో లేని దినం. 2200ను నలుగురితో భాగిస్తే 550. నల్‌ను దేనితో కూడినా నల్ ఎందుకవుతుందో కూడా అట్లనే తెలిసింది. జీతానికి కమిషన్ కలపమంటే ఆ పదిమందికి జీతమే మాయమైపోతుంది. ఎంత అని తెలియనిదాన్ని కూడితే వచ్చేది కూడా తెలియనిదే. ఆ రాత్రి పన్నెండు దాకా చిన్నది ఇదంతా చెప్తా ఉంటే పెద్దది ఇంగ్లీషు మాటల్లో పెట్టుకొని బట్టీ కొట్టింది.

మూడో వారం ట్రాన్సాక్షన్లు. మార్చినదాన్ని కమిట్ అంటే ఖాయం అవుతుంది, రోల్‌బ్యాక్ అంటే వెనక్కు పోతుంది. ల్యాబులో ఇచ్చిన పని 30వ డిపార్ట్‌మెంటులో ఉన్న ఆరుగురికి నూటికి పది జీతం పెంచేది. చిన్నది వేర్ అనే షరతు మరిచిపోయింది. తెర మీద "14 రోస్ అప్‌డేటెడ్" అని పడింది. అందరి జీతాలూ పెరిగిపోయినాయి. భయపడింది. ఇంకా పాడు కాకూడదని, ఉన్న పట్టికను క్రియేట్ టేబుల్‌తో ఒక కాపీ తీసిపెట్టుకొంది. తరువాత రోల్‌బ్యాక్ కొట్టింది. "రోల్‌బ్యాక్ కంప్లీట్" అని వచ్చింది. జీతాలు మాత్రం వెనక్కు రాలేదు.

ఎందుకు రాలేదు? ఆ డౌటు పెట్టుకొని ఆమె పదిదినాలు ఉండింది. "ఎనీ డౌట్స్?" అని ఆయన ఎన్నిసార్లు అడిగినాడో. ఆమె వాక్యం కట్టుకొంటూనే ఉండింది.

వైవా రోజు పెద్దదాన్ని అడిగిన మొదటి ప్రశ్న నల్ మీద. బట్టీ కొట్టింది అట్లనే ఒప్పజెప్పింది. "గుడ్" అన్నారు. ఆ జవాబు ఎవరిదో వాళ్ళకు తెలియదు. చిన్నదాన్ని అడిగింది, రోల్‌బ్యాక్ ఎప్పుడు పనిచేయదు అని. తను చూసింది, తన చేతుల్తో చేసింది, కానీ కారణం తెలియదు. చూసింది చెప్దామన్నా మాటలు రాలేదు. ఐదు నిమిషాలు ఊరికే నిలబడి బయటికి వచ్చేసింది. మరుదినం పేర్ల లిస్టు అంటించినారు. మాలో ఒకరి పేరే ఉండింది.

ఆ సాయంకాలం పెద్దది ట్రైనరు దగ్గరికి పోయి, తెలిసిన ఇంగ్లీషులోనే ఆ డౌటు అడిగేసింది. ఆయన ఒక్క నిమిషంలో చెప్పినాడు. ఒరాకిల్‌లో క్రియేట్ టేబుల్ లాంటి ఆజ్ఞ ఇస్తే, దానికి ముందర చేసిందంతా తనంతట తానే కమిట్ అయిపోతుంది. కాపీ తీయడంతోనే పెంచిన జీతాలు ఖాయం అయిపోయినాయి. తరువాత రోల్‌బ్యాక్ చేసేదానికి ఏమీ మిగల్లేదు. జాగ్రత్త కోసం చేసిన పనే చెరిపింది. "మొదటే అడిగుంటే బాగుండేది కదా" అన్నాడాయన, మెల్లగానే.

ఒక నిమిషం జవాబు అది. ఆ ఒక నిమిషానికి మాలో ఒకరు చింతామణి బస్సు ఎక్కినారు. మెజెస్టిక్‌లో దింపేదానికి పోయినప్పుడు చిన్నది అనిన మాట: "డౌటు కన్నడలో వచ్చింది, జవాబు తెలుగులో వచ్చింది. ఇంగ్లీషులో ఏదీ రాలేదక్కా." ఆ పొద్దు పెద్దది ఏమీ అనలేకపోయింది. ఆమె మాటతో పాసై, ఆమెను బస్సు ఎక్కించి, మరుదినం ఉద్యోగానికి పోయింది. దీన్ని మేము పదేళ్ళు మా మధ్య కూడా మాట్లాడుకోలేదు.

టెస్టరు పని ఏమంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పు పట్టేది. పెద్దది ఆ పనిలో కుదిరింది. కొన్నేళ్ళకు, కొత్తగా చేరే డేటాబేసు ప్రోగ్రామర్లకు రెండు దినాలు టెస్టింగు క్లాసు తీసుకోమన్నారు. మొదట ఒప్పుకోలేదు. తరువాత ఊరికి ఫోను చేసి, "ఏమే, అవ్వ పాల పుస్తకం ఇంకా ఉందా?" అని అడిగింది. కొంచెంసేపు అటునుంచి మాట లేదు. "అటక మీద ఉంది. ఎందుకు?" అనింది చిన్నది.

ఆ రెండు దినాల క్లాసును మేమిద్దరం ఫోను మీద కట్టినాము. ఎంప్ పట్టిక పక్కనే పాల పట్టిక ఒకటి పెట్టినాము. అవ్వ పుస్తకంలోని పది దినాలే అందులో ఉన్నాయి. క్లాసు మొదలుపెట్టే ముందర ఒక మాట చెప్పినాము: డౌటు ఏ భాషలో వస్తే ఆ భాషలో అడగండి. చీటీ మీద రాసి ఇచ్చినా సరే. ఇంగ్లీషులో పెట్టే పని మాది.

మొదటి దినం పాల సగటు చేయమంటే సగం మంది పదితోనే భాగించినారు. ఏడు ఎందుకో చెప్పినాక రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లోడు కన్నడలో అడిగినాడు: "మేడం, ఊరికి పోయినందుకు ఖాళీ, సరే. పాలు పోసినా రాసేవాడు మరిచిపోతే అదీ ఖాళీనే కదా? రెండు ఖాళీలూ ఒకటేనా?"

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఎందుకంటే అది చిన్న డౌటు కాదు. పట్టికల పద్ధతిని 1970లో ఐబీఎంలో ఉంటూ కాగితం మీద పెట్టిన ఎడ్గర్ కాడ్ గారే దాని మీద తలపట్టుకొన్నారు. 1990లో వచ్చిన పుస్తకంలో ఖాళీలకు రెండు వేరే వేరే గుర్తులు ఉండాలన్నారు. విలువ ఉంది కానీ మనకు తెలియదు అనేదానికి ఒకటి, ఇక్కడ ఆ విలువకు చోటే లేదు అనేదానికి ఇంకొకటి. ఎస్‌క్యూఎల్ మాత్రం ఒక్క నల్‌నే ఉంచుకొంది. ఆ పిల్లోడిని ఇంగ్లీషులోనే అడగమనుంటే ఆ ప్రశ్న ఆ పొద్దు వచ్చేది కాదు.

సాయంకాలం ఫోనులో చెప్తే చిన్నది నవ్వింది. "ఆ డౌటు మాకు దినామూ వస్తుందక్కా. అందుకే నేను పక్కన ఇంకో గడి పెట్టుకొన్నా, కారణం అని. ఊళ్ళో లేరు, రాయలేదు, మిషన్ పాడు. మూడే." మరుదినం క్లాసులో ఆ కారణం గడి బోర్డు మీదికెక్కింది.

రెండో దినం పేర్ల మీద. ఈ పాఠం పూర్తిగా చిన్నదానిదే. డెయిరీలో వాడే ప్రోగ్రాములో పేరుకు ఒక గడి ఉంది, కన్నడలో కొట్టాలి. వెంకటలక్ష్మమ్మ అనే పేరు పట్టలేదు. మా వైపు వీధికొకరికి ఉండే పేరది. కొడితే ఎర్రగా ఎర్రర్ వస్తుంది. అంతకుముందు పనిచేసినవాళ్ళు విసిగిపోయి వెంకటలక్ష్మి అని కొట్టి విడిచిపెట్టినారు. ఊళ్ళో నిజంగానే ఒక వెంకటలక్ష్మి ఉంది. ఒకామె పాల డబ్బు రెండు నెలలు ఇంకొకామె పేరు దగ్గర చిక్కుకొని కూర్చొంది. "గడిలో 40 పడుతుందంట. ఈ పేరులో ఆరే అక్షరాలు. ఎట్లక్కా?" అని చిన్నది అడిగింది.

మేము లెక్క వేసినాము. కంటికి కనిపించేది ఆరు అక్షరాలే: వెం, క, ట, ల, క్ష్మ, మ్మ. కంప్యూటరు అట్ల చూడదు. వ, ఎత్వం, సున్న, క, ట, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, మ, పొల్లు, మ. మొత్తం 14. యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరాల ఒక్కో ముక్కకు 3 బైట్లు. 14 మూళ్ళు 42. గడి 40 బైట్లు. రెండు బైట్లకు ఆమె పేరు తెగింది! వెంకటలక్ష్మి అయితే 12 ముక్కలు, 36 బైట్లు, పడుతుంది. ఇదే పేరు ఇంగ్లీషులో 17 అక్షరాలు, 17 బైట్లు. ప్రోగ్రాము చేసినవాళ్ళు ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షించి ఉంటే వాళ్ళకు ఈ ఎర్రర్ ఎన్నటికీ కనిపించదు.

తెలుగులో కొట్టినా ఇదే లెక్క. యూనికోడ్‌లో తెలుగుకు 128 చోట్లు, అవి అయిపోతూనే కన్నడకు 128 చోట్లు. తెలుగు అకారం ఉన్న చోటికి 128 కలిపితే కన్నడ అకారం. మా ఇంట్లో రెండు భాషలు ఎట్ల ఆనుకొని ఉన్నాయో అక్కడా అట్లనే ఉన్నాయని తెలిసిన దినం మేము సుమ్నే చాలాసేపు ఆ పట్టీ చూస్తా కూర్చొన్నాము.

దీనికి మందు కూడా చిన్నదే. ఒరాకిల్‌లో వార్‌చార్2(40) అని రాస్తే, వేరే అమరిక ఏదీ చేసి ఉండకపోతే, అవి 40 బైట్లు. 40 పక్కన క్యార్ అని ఒక్క మాట చేరిస్తే 40 ముక్కలు. వెంకటలక్ష్మమ్మ హాయిగా పడుతుంది. క్లాసులో పిల్లల చేత ఈ పేరే కొట్టించినాము. ఎర్రర్ నంబరు 12899 వచ్చింది. వాళ్ళే లెక్క వేసినారు, వాళ్ళే దిద్దినారు. ఆ తరువాత ప్రతి ఒక్కరినీ తమ ఇంట్లో అన్నిటికంటే పొడుగు పేరు ఒకటి, ఇంటిపేరు లేని పేరు ఒకటి తెచ్చి పరీక్షించమన్నాము. మన ఇళ్ళల్లో బడిలో చేర్చేటప్పుడే ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని ఒక్క అక్షరం మిగిలింది కదా. లాస్ట్ నేమ్ గడి ఖాళీగా విడిస్తే ముందుకు పోనియ్యని తెరలు ఎన్నో! ఆ క్లాసులో ముగ్గురు తమ తెరలను అప్పటికప్పుడే మార్చుకొన్నారు.

చిన్నది ఊరికే ఉండలేదు. తప్పును ఎట్ల రాసి పంపాలో పెద్దది చెప్పింది: ఏమి చేసినాము, ఏమి రావాల్సింది, ఏమి వచ్చింది. ఆమె కన్నడలో ఒక పేజీ రాసింది. పేరు, 14 ముక్కలు, 42 బైట్లు, 40 గడి, రెండు నెలల డబ్బు. ఆ ప్రోగ్రాము చేసినవాళ్ళకు పంపింది. మూడు వారాలకు ఫోను వచ్చింది, గడి పెంచినామని, ఈ లెక్క వేసింది ఎవరని. "నేనే" అనిందంట. ఆ ఒక్క మాట మాకు మళ్ళీ మళ్ళీ చెప్తుంది.

ఆ పేజీ మేము దాచిపెట్టినాము. ఆ దినం వైవాలో ఆమె నిలబడి ఉంటే ఏమయ్యేదో అని పెద్దదానికి ఇప్పటికీ మనసులో తిరుగుతుంది. చిన్నది దానికి ఒప్పుకోదు. "నాకు డెయిరీ బాగుందక్కా. కానీ ఆ డౌటు అడిగుండాల్సింది" అంటుంది. రెండూ నిజమే.

మీ ఇళ్ళల్లో పిల్లలు ఇట్లాంటి ట్రైనింగులకు పోతా ఉంటారు. మరాఠీ మీడియం, ఒడియా మీడియం, తమిళ మీడియం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, అక్కడ ఇంగ్లీషులో కూర్చొంటారు. రాత్రి ఫోను చేస్తే తిన్నావా అని అడిగినాక, ఈ దినం ఏమి అర్థం కాలేదు అని కూడా అడగండి. మీకు ఆ సంగతి తెలియకపోయినా ఫరవాలేదు. ఇంటి మాటలో ఒకసారి చెప్తే డౌటు ఒక రూపానికి వస్తుంది. రూపానికి వచ్చిన డౌటును ఏ భాషలోనైనా అడగవచ్చు.

పాల పుస్తకం ఇప్పుడు అటక మీద లేదు. చిన్నదాని మేజా మీద, కంప్యూటరు పక్కన ఉంది. అవ్వ ఖాళీగా విడిచిన గడులు అట్లనే ఉన్నాయి, మేము ఏమీ రాయలేదు.